లారీ లాగే లాప్‌టాప్

ఆ శనివారం పొద్దున్న కోదండరాం వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇడ్లీ తినాలి. భార్య రాజశ్రీని వెంటబెట్టుకుని దుకాణానికి వెళ్ళాలి. ఆటలాడుకునే లాప్‌టాప్‌ను ఆఫీసు లాప్‌టాప్ అని నమ్మించి కొనిపించాలి. భోజనం వేళకి ఇల్లు చేరాలి. ఇంత తేలికైన పని చెడాలంటే అందులో ఒక తెలివైనవాడు చెయ్యి పెట్టాలి. తను తెలివైనవాడినని కోదండరాంకి గట్టి నమ్మకం.

అతను ఒంగోలు నుంచి మద్రాసు వచ్చి అక్కడి అంబత్తూరులో పంపుల విడిభాగాలు చేసే కంపెనీలో ఇంజనీరుగా స్థిరపడ్డాడు. రోడ్డు మీద వెనకనుంచి సిటీ బస్సు హారన్ కొడితే స్కూటర్ దిగి నిలబడిపోయే మనిషి, ఇంట్లో పాత లాప్‌టాప్‌లో మాత్రం పది చక్రాల లారీ నడుపుతాడు. ఆ ఆటంటే ప్రాణం. రోజంతా ఆఫీసులో అందరూ అతన్ని తోలితే, సాయంత్రం అతను తోలేది అదొక్కటే.

కానీ లాప్‌టాప్ ముసలిదైపోయింది. ఘాట్ రోడ్డు మలుపులో తెర బిగుసుకుపోయేది, మళ్ళీ కదిలేసరికి లారీ లోయలో ఉండేది. అంతకన్నా వింత ఇంకొకటి జరుగుతోంది. నిన్న సేలంలో ఆపిన లారీ ఇవాళ తెరిచి చూస్తే మదురైలో ఉంటోంది. ఒకసారైతే సొట్టలన్నీ పోయి కొత్త రంగు కూడా పడింది. మెషీన్‌కి మతి తప్పుతోందని ఇంజనీరుగా అతను తేల్చేశాడు.

అందుకే నెలరోజులుగా బాత్రూంలో కూర్చుని, తక్కువ ధరలో దొరికే గేమింగ్ లాప్‌టాప్‌ల మీద వీడియోలు చూశాడు. ఏ గ్రాఫిక్స్ కార్డు మంచిది, ఏది వేడెక్కుతుంది, అన్నీ కంఠతా వచ్చేశాయి. ఇక రాజశ్రీ ఒప్పుకోవాలి. ఆటకని అడిగే ధైర్యం లేదు. వచ్చే వారం ఆయుధపూజ. ఎవరి పనిముట్టుకి వాళ్ళు గంధం పెట్టుకునే రోజు. "ఆఫీసు డ్రాయింగులకి లాప్‌టాప్ కావాలి రాజీ, పూజలో పెట్టుకుందాం" అన్నాడు. దేవుడితో కలిపి చెబితే అబద్ధానికి తిరుగుండదని అతని లెక్క. బోనస్ డబ్బు తీయడానికి రాజశ్రీ ఒప్పుకుంది.

దుకాణంలో కీబోర్డు నిండా ఎర్ర లైట్లతో అతను కలలుగన్న లాప్‌టాప్ వెలుగుతోంది. "ఇదే" అన్నాడు.

దుకాణం నడిపే జెబకుమార్ పాతకాలం నుంచి మద్రాసులో ఉన్న తెలుగు కుటుంబంవాడు, పైగా నిజాయితీపరుడు. కోదండరాం ఖర్మ కొద్దీ ఆ రెండోదే అడ్డొచ్చింది. "డ్రాయింగుకా సార్? అట్లైతే ఇది వద్దు. ఇది పిలకాయలు ఆటాడేది. ఆడ చూడండి, దీనికంటే తక్కువ ధర, బరువూ లేదు."

"నాకు బరువున్నదే కావాలి" అన్నాడు కోదండరాం.

"ఆ ఎర్ర లైట్లెందుకండీ?" అంది రాజశ్రీ.

"కరెంటు పోతే డ్రాయింగు కనపడొద్దూ?"

"మరి రెండు ఫ్యాన్లు?"

"డ్రాయింగు వేడెక్కుతుంది."

"కాయితం మీద గీసినప్పుడు ఎప్పుడూ వేడెక్కలేదే!"

ఇద్దరూ అతని మొహంలోకే చూస్తున్నారు. ఇక పెద్ద అబద్ధమే దిక్కనుకుని, "ఇదే కొనమని మా మేనేజర్ చిన్నప్ప గారే చెప్పారు. ఆదివారాలు కూడా ఇంట్లో డ్రాయింగులు చూడాలి" అనేశాడు.

రాజశ్రీకి కోపం వచ్చింది. భర్త మీద కాదు, చిన్నప్ప మీద. "ఆదివారం పని ఆయన చెప్పాలి, లాప్‌టాప్ మనం కొనాలా? ఉండండి, ఆయన్నే అడుగుతా." చిన్నప్ప భార్య విజి ఆమెకు స్నేహితురాలు. కోదండరాం "వద్దు రాజీ" అనేలోగా విజి ఫోన్ ఎత్తడం, మొగుడి చేతికివ్వడం అయిపోయాయి. రాజశ్రీ అడగాల్సింది అడిగేసి స్పీకర్ నొక్కింది.

"ఏమి కోదండం, నేను ఎప్పుడు చెప్పినా?" చిన్నప్ప గొంతు దుకాణమంతా వినబడింది. "ఆఫీసు పనికి సొంత దుడ్డు ఎందుకు పెడతావు పా? ఈడ స్టోర్‌లో ఒక లాప్‌టాప్ సుమ్మా, ఊరికే పడుండాది, సోమవారం తీసుకో. ఆదివారం కూడా పని చేస్తానంటివే, రొంబ సంతోషం. ఈ వారం నుంచే పంపిస్తాను."

ఫోన్ పెట్టేశారు. కోదండరాంకి నిజంగానే ఏడుపొచ్చింది. లారీ పోయింది, ఆదివారం కూడా పోయింది, రెండూ తన నోటితోనే పోగొట్టుకున్నాడు.

"ఆ ఎర్ర లైట్లది ప్యాక్ చెయ్యి బాబూ" అంది రాజశ్రీ.

కోదండరాం చెవులను నమ్మలేకపోయాడు. "నాకా?"

"మీకు ఆఫీసు వాళ్ళు ఇస్తున్నారుగా. ఇది నాకు." తర్వాత జెబకుమార్ వైపు తిరిగి, "పదహారు జీబీ మెమరీదేగా? ఎనిమిదైతే ఘాట్ రోడ్డులో బిగుసుకుపోద్ది" అంది.

"నీకెలా తెలుసు?"

"నెల్రోజుల్నుంచీ బాత్రూంలోంచి వినబడుతుంటే తెలీక చస్తుందా? అయినా మీరు వెనక అద్దం చూడకుండా రివర్స్ చేస్తారు. ఆ సొట్టలన్నీ నేనే తీయించా. మీరు ఆఫీసుకెళ్ళాక సరుకులు దించి, ఆ డబ్బులతో రంగు కూడా వేయించా. ఒక్కనాడైనా కనిపెట్టారా?"

మెషీన్‌కి మతి బాగానే ఉందని కోదండరాంకి అప్పుడు అర్థమైంది.

ఆయుధపూజ నాడు దేవుడి ముందు రెండు లాప్‌టాప్‌లు కూర్చున్నాయి. ఆఫీసుదానికి గంధం బొట్టు పెట్టింది రాజశ్రీ. ఎర్ర లైట్లదానికి బొట్టుతోపాటు బంతిపూల దండ, ముందు రెండు నిమ్మకాయలు.

"నిమ్మకాయలు బళ్ళకి కదా పెట్టేది?" అన్నాడు నీరసంగా.

"అది లారీ కాదూ మరి?"

ఆదివారాలు కోదండరాం డ్రాయింగులు చూస్తున్నాడు. అవి తొందరగా తెమిలిన రోజున రాజశ్రీ అతన్ని లారీలో క్లీనరుగా కూర్చోనిస్తోంది.