అడుగున ఇసుక లేని సముద్రం

ఆ శనివారం ఉదయం కళ్ళజోళ్ళాయన వేసుకున్న పథకం చిన్నదే. ఇంట్లో ఉన్న ఉప్పునీటి చేపల తొట్టెలోంచి ఇసుకంతా తీసేయాలి. ఊరందరి చూపూ సరిచేసే ఆయనకు ఎదురుచూపొక్కటే సరిపడలేదు. దుకాణం నిండా జోళ్ళే, ఇంట్లో జోడీ లేదు. భార్య దూరపు ఆసుపత్రిలో నర్సు, ఆదివారాలే వస్తుంది. వచ్చిన ఆదివారం కూడా ఆయన గొట్టంతో ఇసుకలోని మురికి పీలుస్తుంటే పక్కన బకెట్టు పట్టుకుని కూర్చుంటుంది. ఈసారి ఫోనులో "రాలేనేమో" అంది. బకెట్టు మీద విసుగేనని ఆయన తీర్మానించుకున్నాడు.

"అడుగున వట్టి అద్దం ఉంచండి గురూగారూ," అన్నాడు చేపల దుకాణదారు. "నీళ్ళు తిప్పే మోటారు జోరు పెంచండి. మురికి నిలవదు, మీకు పనుండదు. ఆదివారం మీది."

ఇసుక తీయగానే అద్దం మెరిసింది, ఆయన మొహమూ మెరిసింది. అయితే భయమేస్తే ఇసుకలో దూరి పడుకునే పసుప్పచ్చ చేప ఒకటుంది. అది అద్దాన్ని ముక్కుతో పొడుస్తూ గుండ్రంగా తిరగసాగింది. పక్క లేకపోతే ఎలా ఉంటుందో ఆయనకు ఒకరు చెప్పాలా? మనసు కరిగి, భార్య ముచ్చటపడి కొన్న గాజుగిన్నెలో ఇసుక పోసి నీళ్ళలోకి దింపాడు. మోటారు జోరు మీద ఉందని మరిచాడు. గిన్నెలోని ఇసుక తుఫానులా లేచి తొట్టెలో పెంచుతున్న పగడాలన్నిటినీ కప్పేసింది. కంగారుగా గొట్టం పెట్టి పీల్చడం మొదలెట్టాడు. దగ్గరి చూపు, దూరపు చూపు అని అందరికీ పాఠాలు చెప్పే మనిషి, గొట్టం రెండో కొస బకెట్టులో లేదని చూసుకోలేదు.

కింది వాటాలో పిన్నిగారి టీ కప్పులోకి పైకప్పునుంచి నీళ్ళు కారాయి. తాగి చూసింది. ఉప్పగా ఉంది. వెంటనే ఫోను తీసింది.

"అమ్మాయ్, మీ ఆయన నీకోసం ఏడుస్తున్నాడే."

"ఏడవడమేంటి పిన్నీ?"

"మామూలు ఏడుపు కాదు. మా ఇంట్లోకి కారుతోంది."

తోటి నర్సును బతిమాలి డ్యూటీ మార్చుకుని మధ్యాహ్నానికల్లా వచ్చేసింది భార్య. ఆయన తడినేల మీద కూర్చుని గుడ్డ పిండుతున్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఏడ్చారా?"

"ఉప్పునీళ్ళు పడ్డాయి."

"నాకు చెప్పకండి."

"నీకు బకెట్టు బాధ తప్పుతుందని ఇసుక తీశానే."

ఆవిడ సంచీ కింద పెట్టింది. "డ్యూటీ పడి రాలేనన్నాను. బకెట్టు నాకేం బరువు? మీరు నాతో కబుర్లు చెప్పేది ఆ కాసేపే. వారమంతా అవే నెమరేసుకుంటా."

ఆయన గుడ్డ పిండడం ఆపేశాడు. ఇద్దరూ తొట్టెకేసి చూశారు. ఇన్నాళ్ళూ ఇసుకలో దాక్కున్న మురికి, వట్టి అద్దం మీద రవ్వ రవ్వా కనిపిస్తోంది.

"ఇదెన్నాళ్ళకోసారి తియ్యాలి?" అంది ఆవిడ.

"ఇసుకుంటే వారానికోసారి సరిపోయేది. ఇలాగైతే రోజూ తియ్యాలి. పనుండదని చెప్పి ముంచాడు ఆ పెద్దమనిషి."

"రోజూనా," అంటూ ఆవిడ బకెట్టు దగ్గరికి లాక్కుంది. "అయితే ఇసుక వద్దు. చేపకి ఆ గిన్నె చాల్లే, జోరు తగలని మూల పెట్టండి."

సోమవారం ఆవిడ ఇంటి దగ్గరి ఆసుపత్రికి బదిలీ అడిగింది. ఎందుకని పెద్దనర్సు అడిగితే, ఇంట్లో రోజూ మురికి పేరుకుంటోందని చెప్పింది. అలాంటి మొగుడు తనకూ ఒకడున్నాడంటూ పెద్దనర్సు వెంటనే ఒప్పుకుంది.