ఐసు పెట్టెలో ప్రాసెసర్

ఆ మే నెల శుక్రవారం పొద్దున బేబీరాణి వేసుకున్న పథకం చాలా చిన్నది. నాన్నతో ఏలూరు వెళ్లి ప్రాసెసర్ కొనాలి, సాయంత్రానికి బిగించాలి, ఆదివారం కారు రేసుల పోటీలో తాహిర్‌ని ఓడించాలి. కిందటేడు నెట్ సెంటర్ వాళ్ల ముసలి కంప్యూటర్ ఆఖరి మలుపులో బిగుసుకుపోయి, గెలుపు కాస్తా తాహిర్ ఎగరేసుకుపోయాడు. ఈసారి ఎవరి కంప్యూటర్ వాళ్లే తెచ్చుకోవాలట. మానిటరు, బోర్డు అన్నీ భీమడోలులోని ఇంటికి చేరాయి. లేనిది ప్రాసెసర్ ఒక్కటే.

కొట్టు యజమాని సుభాని బల్లమీద రెండు అట్టపెట్టెలు పెట్టాడు. "ఇది సింగిల్ కోర్ అండీ. చల్లగా, నిదానంగా పనిచేస్తుంది. ఇది డ్యూయల్ కోర్. ఆటలకి దీన్ని మించింది లేదు. కాకపోతే త్వరగా వేడెక్కుద్ది, వేడి దీనికి పడదండీ."

బేబీరాణి తండ్రి నూకరాజు పాతికేళ్లుగా కొల్లేటి చేపల్ని ఐసులో సర్ది కలకత్తాకు పంపుతున్న మనిషి. వేడి పడదన్న మాట చెవిన పడ్డాక ఆయనకు ఇంకే మాటా ఎక్కదు.

"చల్లటిదే తీసుకుందాం అమ్మలూ."

"నెల్రోజులు చదివి తేల్చాను నాన్నా. నాకీ వేడిదే కావాలి."

"దారిలో పాడైపోద్దేమో."

"అది చేప కాదు నాన్నా!"

పట్టుదలలో కూతురు తండ్రికి ఏమీ తీసిపోదు. వేడిదే కొనిపించి, జాగ్రత్తగా ఇంటికి చేర్చమని చెప్పి, పోటీకి పేరు నమోదు చేయించుకోవడానికి వెళ్లింది.

బయట ఎండ మండిపోతోంది. నూకరాజు మనసు ఒప్పుకోలేదు. ప్రాసెసర్‌ని మూడు ప్లాస్టిక్ కవర్లలో చుట్టి, థర్మోకోల్ పెట్టెలో కిందా పైనా ఐసు పోసి, టేపు వేసి, తన వ్యానులో భీమడోలు ప్యాకింగు షెడ్డు దాకా తెచ్చాడు. పెట్టెను నీడలో దించి, చేతులు కడుక్కోవడానికి లోపలికి వెళ్లాడు.

తిరిగొచ్చేసరికి పెట్టె లేదు. టేపు వేసిన ఐసు పెట్టె కంటబడితే నిమిషం ఆగకుండా లారీ ఎక్కించాలని కూలీలకు పాతికేళ్లుగా నేర్పింది ఆయనే. వాళ్లు మాట జవదాటలేదు. లారీ అప్పుడే కలకత్తా బయలుదేరింది.

డ్రైవరు చిట్టిబాబు ఫోనెత్తలేదు. నూకరాజు మోటారు సైకిలు మీద తరిమి తరిమి, తాడేపల్లిగూడెంలో టీ కొట్టు దగ్గర లారీని పట్టుకున్నాడు. లోపల అరవై పెట్టెలు, అన్నీ ఒకేలా ఉన్నాయి. అప్పుడే కూతురు ఫోన్ చేసింది.

"నాన్నా, ప్రాసెసర్ ఇంటికి చేరిందా?"

"దారిలో ఉందమ్మా."

"ఏ దారిలో?"

"కలకత్తా దారిలో."

అవతల ఏడుపు వినిపించింది. నూకరాజు ఫోను పెట్టేసి, అన్ని పెట్టెలూ విప్పి తీరాలని నడిరోడ్డు మీదే మొదలుపెట్టాడు.

మూడో పెట్టె విప్పేసరికి జనం మూగారు. ఆరో పెట్టెకు సంచులతో వరస కట్టారు. ముందు నిలబడింది ఆ పక్క వీధిలో ఉండే కాంతం గారు.

"ఏవండీ, కేజీ ఎంతండీ?"

"ఇవి అమ్మేవి కావండీ. ప్రాసెసర్ కోసం వెతుకుతున్నా."

"అదైనా పర్లేదండీ. ముళ్లు తక్కువైతే ఒక కేజీ ఇవ్వండి."

"నాకూ రెండు కేజీలండీ!" అన్నారు వెనకనుంచి ఎవరో.

చిట్టిబాబు నెత్తి కొట్టుకున్నాడు. "ఐసు కరిగిపోతోందండీ! నేనెప్పుడు వెళ్లేదండీ?"

నూకరాజు వినిపించుకోలేదు. పంతొమ్మిదో పెట్టెలో దొరికింది. తడి తగల్లేదు. విప్పిన పెట్టెలన్నిటికీ మళ్లీ ఐసు కొని పోసి, అంతసేపు నిలబడ్డ కాంతం గారికి ఒక శీలావతి చేప ఊరికే ఇచ్చి పంపాడు.

ఆ సాయంత్రం ప్రాసెసర్ పనిచేసింది. అయినా బేబీరాణి మొహం విప్పారలేదు. "ఇంకెప్పుడూ నా కంప్యూటర్ దగ్గర ఐసు మాట ఎత్తకు," అంది. ఆయన తలూపాడు.

ఆదివారం పోటీ ఏలూరులో ఒక రేకుల షెడ్డులో జరిగింది. పన్నెండు గంటలకు షెడ్డు పెనంలా కాలింది. ఒక్కో కంప్యూటరూ వేడెక్కి దానంతటదే ఆరిపోతోంది. చివరి పందేనికి తాహిర్, బేబీరాణి మిగిలారు. ఇద్దరివీ అవే డ్యూయల్ కోర్ ప్రాసెసర్లు. పందెం మొదలవకముందే బేబీరాణి తెరమీద బొమ్మ కుదుపులతో కదలసాగింది. కిందటేడు లాగే అయిపోతుందని ఆమెకు భయం వేసింది. పంటి బిగువున, వెనక నిలబడ్డ తండ్రి వైపు తిరిగింది.

"నాన్నా... ఐసు తెచ్చావా?"

"ఐసు లేకుండా కదిలానా ఎప్పుడైనా?" అంటూ నూకరాజు వ్యానులోంచి ఐసు పెట్టె దించి, నీళ్లు చింది పడనంత దూరంలో పెట్టి, దాని మీదుగా టేబుల్ ఫ్యాను గాలి కంప్యూటర్‌కు తిప్పాడు. బొమ్మ కుదురుకుంది. పందెం మొదలైంది. ఆఖరి మలుపులో తాహిర్ కంప్యూటర్ టప్పున ఆరిపోయింది. బేబీరాణి కారు గీత దాటింది. ఆమె కుర్చీలోంచి లేచి, అందరూ చూస్తుండగానే తండ్రిని వాటేసుకుంది.

బహుమతిగా వచ్చిన పెన్‌డ్రైవ్‌ను నూకరాజు మూడు కవర్లలో చుట్టి, ఐసులో పెట్టి ఇంటికి తెచ్చాడు.