మూత విప్పని రైలు

ఆ ఆదివారం ఇల్లాలు వేసుకున్న పథకం చిన్నదే. పిల్లకి స్నానం, అద్దాల బీరువాకి దుమ్ము దులపడం, పదింటికి వచ్చే పెద్దమనిషికి కాఫీ. ఆయన పాత బొమ్మలు దాచుకునేవాళ్ళ సంఘానికి కార్యదర్శి. మొగుడి రేకు రైలును ప్రదర్శనలో పెట్టాలో వద్దో తేల్చడానికి వస్తున్నాడు.

చిన్నప్పుడు పక్కింటివాళ్ళ కీ ఇచ్చే రైలును కిటికీలోంచి చూడడమే తప్ప ముట్టుకునే యోగం మొగుడికి పట్టలేదు. అందుకే ఇప్పుడు సొంతానికి ఒకటి సంపాదించి, పెట్టె మూత కూడా విప్పకుండా కాపలా కాస్తున్నాడు. విప్పితే సంఘంలో విలువ పోతుందట.

"ఆఫీసుకి ఒక్క పరుగు వెళ్ళొస్తా. ఆ పెట్టె జోలికి మాత్రం వెళ్ళకు!" అని బండెక్కాడు.

ఆమె వెళ్ళేదే కాదు. దుమ్ము తుడుస్తుంటే పెట్టె మరీ తేలిగ్గా తోచింది. టేపు ఒలిచి చూస్తే లోపల గాలి తప్ప ఏమీ లేదు.

"ఏమే బంగారం, నాన్న రైలేదే?"

మూడేళ్ళ కూతురు కాస్త ఆలోచించి, "ఊరెళ్ళింది," అంది.

ఇంకేముంది! మొగుడికి మొహం ఎలా చూపించాలి? బియ్యం డబ్బా బోర్లించింది. పరుపులు తిరగేసింది. వారం కిందట ఈ పిల్లే చెంచాలు పడేసిన వాషింగ్ మెషిన్ గొట్టం ఊడబీకింది. వంటిల్లు చెరువై, బియ్యం నానాయి. "దొంగపిల్లా, నిజం చెప్పు!" అనేసరికి పిల్ల రాగం అందుకుంది.

ఆ ఏడుపు విని పక్కింటి పిన్నిగారు పరుగెత్తుకొచ్చి, ఖాళీ పెట్టె సంగతి తెలుసుకుంది. "దాన్నెందుకమ్మా ఏడిపిస్తావ్? ఏదో ఒకటి లోపల పడేసి అంటించెయ్. సంఘంవాళ్ళెలాగూ విప్పరుగా!"

చేతికందిన సబ్బుపెట్టెను లోపలికి తోసి టేపు అంటించిందో లేదో, గుమ్మం దగ్గర గంట మోగింది.

కార్యదర్శి తడినేల మీద ప్యాంటు మడుచుకుని నిలబడి, పెట్టెను చెవి దగ్గర మెల్లగా ఊపాడు. సబ్బుపెట్టె గడగడలాడింది.

"ఆహా! చక్రాల చప్పుడు విన్నావా అమ్మా? ఎవరూ ముట్టని రైలే ఇలా పలుకుతుంది!"

అప్పుడే మొగుడు రొప్పుతూ లోపలికొచ్చాడు. గడగడ విని, దయ్యాన్ని చూసినట్టు బిగుసుకుపోయాడు. "అందులో... చప్పుడెలా..." అంటూ చేతిసంచి జారవిడిచాడు. సంచిలోంచి అసలు రైలు గిర్రున బయటికొచ్చి, కార్యదర్శి కాళ్ళ మధ్యనుంచి దూసుకుపోయి గోడకి గుద్దుకుంది.

"అంటే మీరే తీసుకెళ్ళారా? పొద్దున్నుంచీ పసిదాన్ని దొంగని చేశానండీ!"

"ఆఫీసులో భోజనాలప్పుడు... బల్ల మీద... రెండంటే రెండు చుట్లు," అని గొణుగుతూ పిల్లని ఎత్తుకోబోయాడు. అది మొహం తిప్పేసుకుంది.

"మూత విప్పారన్నమాట," అన్నాడు కార్యదర్శి. ప్రదర్శన చేజారిపోయిందని అందరికీ అర్థమైంది. ఆయన రైలును చేతిలోకి తీసుకుని, తడి తుడిచి, వీధి వైపు ఓసారి చూసి గొంతు తగ్గించాడు.

"మీ ఆఫీసు బల్ల ఎంత పొడవండీ?"