ఏడవని ప్రతినిధి

"పసిపిల్లలతో విదేశీ ప్రయాణం కష్టమనే అపోహను ఈ దేశం నుంచి శాశ్వతంగా తొలగించడానికి నేనే స్వయంగా పూనుకుంటున్నాను" అని శిశు సంక్షేమ శాఖ మంత్రిగారు విలేకరుల ముందు ప్రకటించారు. సముద్రాల అవతల పసిబిడ్డల ప్రయాణ సౌకర్యాల మీద ఓ అంతర్జాతీయ మహాసభ జరగబోతోంది. బిడ్డను వెంటబెట్టుకుని వచ్చే ప్రతినిధి బృందానికి మొదటి తరగతి టిక్కెట్లు నిర్వాహకులే ఇస్తారు. ఈ చివరి సంగతి మంత్రిగారు ప్రకటించలేదు. అది ఆయన వినయం.

ఇక బిడ్డ ఎవరన్నదే తేలాలి. మంత్రిగారికి ఏడాది నిండని మనవడున్నాడు. కోడలిని అడిగి రమ్మని పి.ఎ.ను పంపారు.

"మామయ్యగారిని వాడి పేరేంటో చెప్పమనండి. చెప్తే పంపిస్తాను" అందట ఆవిడ.

ఆ మాట విని మంత్రిగారు పి.ఎ. వైపు తిరిగారు. "మన ఆఫీసులో ఎవరికైనా పసిపిల్లలున్నారా?" అని అడిగారు.

ఉన్నారు. స్టెనోకి పదినెలల కొడుకు. గుండ్రంగా ఉంటాడని అందరూ బంతి అంటారు. వాడు ఆఫీసులోనే పెరుగుతున్నాడు, స్టెనో బల్లకింద, కాగితాలొచ్చిన అట్టపెట్టెలో. ఆమె భర్త లారీ మీద ఊళ్ళు తిరుగుతాడు. అత్తగారికి చూపు ఆనదు. బిడ్డను ఎవరి చేతుల్లో పెట్టి రావాలి? ఆఫీసులో బిడ్డల్ని ఉంచకూడదని అందరికీ తెలుసు, బంతి ఉన్నాడనీ అందరికీ తెలుసు. మొన్నమొన్నటిదాకా ఈ రెండు సంగతులూ ఒకదాన్నొకటి చూసుకోకుండా కాపురం చేశాయి. పోయిన నెల పై నుంచి ఉత్తర్వు వచ్చింది. వచ్చే నెల నుంచి బిడ్డ కనిపిస్తే తల్లికి ఉద్యోగం ఉండదు.

అందుకే ఆమె అర్జీ పెట్టుకుంది. వరండా చివర విరిగిన కుర్చీలు పడేసిన గది ఒకటుంది. కుర్చీలు తీసేసి, దాన్ని ఉద్యోగినుల పిల్లల గదిగా ఇప్పించమని. ఆడవాళ్ళంతా సంతకాలు చేశారు. అర్జీ మంత్రిగారి పేషీ దాకా వెళ్ళి అక్కడ విశ్రాంతి తీసుకుంటోంది.

"ఏమ్మా, నీ దశ తిరిగింది" అన్నాడు పి.ఎ. వచ్చి. "సార్‌తో విమానంలో వెళ్తున్నావు."

"నేనెందుకు సార్?"

"నువ్వు కాదులే, మీవాడు. కానీ వాడికి పాలు పట్టేవాళ్ళు కావాలిగా."

"మరి నా అర్జీ సార్?"

ఆ ప్రశ్న మంత్రిగారి దాకా వెళ్ళింది. "అంతేనా!" అన్నారాయన ఉదారంగా. "బ్యాగులో పెట్టండి. విమానంలోనే సంతకం పెట్టేస్తాను."

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి చెబితే అత్తగారు దేవుడి పటం ఉన్న వైపు అంచనాగా తిరిగి దణ్ణం పెట్టింది. "దేవుడు ఏ దారిన వస్తాడో మనకేం తెలుసు అమ్మాయ్? విమానంలో కూడా రావచ్చు."

స్టెనోకి కూడా భక్తి ఉంది. కాకపోతే దేవుడు మంత్రిగారి బ్యాగులోంచి ఎందుకు రావాలనుకున్నాడో ఆమెకి అర్థం కాలేదు.

విమానం ఎక్కే ముందు ఫొటో తీశారు. మంత్రిగారు గంజి పెట్టిన తెల్లని లాల్చీలో బంతిని ఎత్తుకున్నారు. వాడు ఆయన ముక్కు పట్టుకున్నాడు. ఫొటో అయిపోగానే మంత్రిగారు వాడిని చదివేసిన పేపరులా పి.ఎ.కి అందించారు.

విమానం పైకి లేచింది. బంతి గొంతు విమానం కంటే పైకి లేచింది.

స్టెనో పాలు పట్టింది. భుజాన వేసుకుని నడవాలో తిరిగింది. విమానంలో పనిచేసే అమ్మాయి గిలక్కాయ తెచ్చింది. వాడు దాన్ని విసిరికొట్టాడు.

"ఏమ్మా, వీడిని ఆపడం ఎలా? మీట ఏమైనా ఉందా?" అన్నారు శిశు సంక్షేమ శాఖ మంత్రిగారు.

వెనక సీటాయన తల బయటపెట్టాడు. "ఎవరి పిల్లాడండీ వాడు?"

"నాకేం తెలుసు? నేను కళ్ళు మూసుకున్నాను" అని మంత్రిగారు కళ్ళు మూసుకున్నారు.

స్టెనో సిగ్గుపడుతూ అసలు సంగతి చెప్పింది. "సార్, వాడు అర్జీల సెక్షను పక్కన పెరిగాడు. రోజంతా స్టాంపు కొట్టే చప్పుడుంటేనే వాడికి నిద్ర. ఇంట్లో కూడా మా అత్తయ్య అప్పడాల కర్రతో బల్ల మీద కొడుతుంది. అరకొరగా పడుకుంటాడు."

మంత్రిగారు చెంచా తీసి ముందున్న బల్లమీద టకటకా కొట్టారు. బంతి ఏడుపాపి, ఆయన్ని జాలిగా చూసి, మళ్ళీ మొదలుపెట్టాడు. వాడు ఆఫీసు పిల్లాడు. పనికీ, పని చేస్తున్నట్టు చెయ్యడానికీ తేడా తెలుసు.

అదృష్టవశాత్తూ పి.ఎ. బ్యాగులో రబ్బరు స్టాంపూ, ఇంకు ప్యాడూ ఉన్నాయి. "తిరస్కరించడమైనది" అనే స్టాంపు. పేషీలో వాడుకలో ఉన్నది అదొక్కటే. "ఆమోదించడమైనది" అనే స్టాంపు ఇనప్పెట్టెలో ఉంటుంది. దాని తాళం మంత్రిగారి బావమరిది దగ్గర ఉంటుంది.

పి.ఎ. ముందుగా మంత్రిగారి ప్రసంగం ప్రతులు తీశాడు. ప్యాడు మీద ఒకటి, కాగితం మీద ఒకటి. టప్, టక్. టప్, టక్. బంతి బొటనవేలు నోట్లో పెట్టుకున్నాడు. విమానమంతా ఊపిరి పీల్చుకుంది.

ప్రసంగం ప్రతులు అయిపోయాయి. వాడు ఒక కన్ను తెరిచాడు. భోజనాల జాబితాలు తిరస్కరించారు. మంత్రిగారి ప్రకటన అచ్చయిన పేపరు తిరస్కరించారు. ఇక మిగిలింది అర్జీల బ్యాగు.

"తియ్యవయ్యా! అవి మాత్రం కాగితాలు కావా?" అన్నారు మంత్రిగారు.

వితంతు పింఛన్లు, బడికి పైకప్పు, నీళ్ళ కుళాయి ఒక్కొక్కటే బయటికొచ్చాయి. టప్, టక్. పి.ఎ. చెయ్యి నొప్పెడితే మంత్రిగారే కాసేపు కొట్టారు. ఆయన ముఖంలో ఎప్పుడూ లేని తేజస్సు కనిపించింది.

"సార్, మీరు పదవిలోకి వచ్చాక ఇంత పని ఎప్పుడూ జరగలేదు" అన్నాడు పి.ఎ. గద్గదంగా.

అడుగున స్టెనో అర్జీ వచ్చింది. ఆమె దానిమీద చెయ్యి పెట్టింది.

"సార్, ఇది... మీరు సంతకం పెడతానన్నది."

"దిగాక పెడతానమ్మా."

విమానం దిగడం మొదలైంది. చెవులు దిబ్బడ వేశాయేమో, బంతి కెవ్వుమన్నాడు. వెనక సీటాయన లేచి నిలబడ్డాడు. స్టెనో ఒక చేత్తో కొడుకుని, ఒక చేత్తో అర్జీని పట్టుకుంది.

"చెయ్యి తియ్యమ్మా! ఒక్క దెబ్బే కదా!" అన్నాడు పి.ఎ.

"వద్దు సార్, అది వీడి గదే సార్!"

"వీడి కోసమే కదమ్మా కొడుతున్నాం!" అని మంత్రిగారు కాగితం లాక్కుని కొట్టారు.

టక్. బంతి నిద్రపోయాడు.

మహాసభలో మంత్రిగారు, "మా దేశంలో ప్రతి ఆఫీసులోనూ పిల్లల గది ఉంది" అని సెలవిచ్చారు. ప్రసంగం ప్రతులు పంచారు. అక్కడివాళ్ళకి మన లిపి రాదు గనక, ప్రతి పేజీ మీదా ఉన్న ఎర్రటి ముద్రను రాజముద్ర అనుకుని ముచ్చటపడ్డారు. మంత్రిగారికి పతకం వేశారు. వెనక వరసలో బిడ్డను ఊపుతూ నిలబడ్డ స్టెనో చప్పట్లు కొట్టలేదు. చేతులు ఖాళీ లేవు. తిరుగు ప్రయాణంలో మహాసభ తీర్మానాలన్నీ తిరస్కరించుకుంటూ వచ్చారు.

విమానాశ్రయంలో విలేకరులు సిద్ధంగా ఉన్నారు. మంత్రిగారు బంతిని ఎత్తుకుని మైకు ముందుకొచ్చారు.

"ఈ బిడ్డ ప్రయాణంలో హాయిగా నిద్రపోయాడు. ఎందుకు? ఆఫీసు వాతావరణం కల్పించాం గనక. పిల్లలకి ఆఫీసు చప్పుళ్ళే జోలపాటలని మా అధ్యయనంలో తేలింది. కాబట్టి పిల్లల గదులు అనవసరం."

"అంటే పిల్లల్ని ఆఫీసులోనే ఉంచుకోవచ్చాండీ?" అన్నాడొక విలేకరి.

"అదెలా కుదురుతుంది? రూల్సు ఒప్పుకోవు."

స్టెనో పి.ఎ. వైపు చూసింది. పి.ఎ. పతకం వైపు చూశాడు.

అప్పుడు కెమెరాలు మెరిశాయి. బంతి ఉలిక్కిపడి, మంత్రిగారి చెవిలో గుక్కపట్టాడు.

"స్టాంపు!" అన్నారు మంత్రిగారు చిరునవ్వు చెదరకుండా, పళ్ళ మధ్య నుంచి.

పి.ఎ. స్టాంపు తీశాడు. బ్యాగు తిరగేశాడు. కాగితాలన్నీ సామాన్లలో వెళ్ళిపోయాయి, ఇందులో కాగితం ముక్క లేదు. విలేకరుల వైపు చూస్తే వాళ్ళు తమ పుస్తకాలు గుండెలకి హత్తుకున్నారు. చేసేదేం లేక స్టాంపు, ప్యాడు స్టెనో చేతుల్లో పెట్టాడు.

"సార్, కాగితం లేదు" అంది ఆమె.

"ఎక్కడో ఒకచోట కొట్టమ్మా!"

స్టెనో అటూ ఇటూ చూసింది. ఎదురుగా విశాలంగా, తెల్లగా, గంజి పెట్టి చదునుగా ఉంది.

"అలాగే సార్" అంది.

చప్పుడు బల్లమీద కంటే బాగా వచ్చింది. బంతి ఒక కన్ను మూశాడు. ఆమె ప్యాడు మీద అద్ది మళ్ళీ కొట్టింది. రెండో కన్ను కూడా మూశాడు. విలేకరులు ఫొటో తీసుకున్నారు.

మర్నాడు పేపరు మొదటి పేజీలో నవ్వుతున్న మంత్రిగారు, ఆయన భుజం మీద నిద్రపోతున్న బంతి. అత్తగారు పేపరుని ముక్కుకి ఆనించుకుని వెతికింది.

"మంత్రిగారి గుండెల మీద ఎర్రగా ఏంటే అమ్మాయ్? అక్షరాల్లా ఉన్నాయి."

"అక్షరాలే అత్తయ్యా."

"సరిగ్గా పడ్డాయా?"

"పడ్డాయి. రెండుసార్లు కొట్టాను."