మలుగులు కలిసినట్టు ధ్రువీకరించడమైనది

రెండు జాతుల మలుగుల్ని సంకరం చేసి, పుట్టబోయే పిల్లకు 'సమైక్య మలుగు' అని నామకరణం చేయాలని ప్రభుత్వం నిర్ణయించినట్టు మత్స్యశాఖ మంత్రిగారు ప్రకటించారు. పిల్ల పుట్టకముందే పేరు, పేరు పెట్టకముందే లోగో సిద్ధమయ్యాయి. లోగోలో రెండు మలుగులు కరచాలనం చేస్తున్నాయి. మలుగు అంటే పాములా పొడుగ్గా, తడి సబ్బులా జారిపోయే చేప అనీ, దానికి చేతులుండవనీ ఒక విలేకరి గుర్తుచేయబోయాడు. "మంచి పని మొదలెట్టగానే చేతులున్నాయా కాళ్లున్నాయా అని అడిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు" అని మంత్రిగారు పెద్ద మనసుతో క్షమించేశారు.

ఈ నిర్ణయంలో ఉన్న దూరదృష్టి తెలియాలంటే ప్రభుత్వం సంగతి కొంచెం తెలియాలి. అసలు ప్రజాపక్షం, సిసలు ప్రజాపక్షం ఒకప్పుడు ఒకటే పార్టీ. ఒక కుర్చీ దగ్గర మాటామాటా పెరిగి రెండయ్యాయి. ఎన్నికలయ్యాక అదే కుర్చీ కోసం మళ్లీ ఒకచోట చేరాయి. అసలువారి బలమంతా ఉత్తరపు నది ఒడ్డున, సిసలువారిది దక్షిణపు నది ఒడ్డున. ఉత్తరపు నదిలో దొరికేది మచ్చల మలుగు. దక్షిణపు నదిలో దొరికేది నున్న మలుగు. పక్కపక్కన పెడితే అక్కచెల్లెళ్లలా ఉంటాయి. మలుగులు కలిస్తే కూటమి కలకాలం నిలుస్తుందని మంత్రిగారికి తెల్లవారుజామున స్ఫురించిందట.

స్ఫురించింది ఆయనకు, నిద్ర పోయింది మాత్రం ఏడీ గారికి.

ఏడీ గారంటే మలుగుల పరిశోధన కేంద్రం అసిస్టెంటు డైరెక్టరు. ఆ హోదాలో ఒక సౌలభ్యముంది, పిలిచినా వెతికినా ఒకటే మాట. కేంద్రమంటే ఒక పొడవాటి రేకుల షెడ్డు, చెమ్మకు ఉబ్బిన బీరువా, మధ్యలో పెద్ద సిమెంటు తొట్టి. తొట్టికి నడుమ గాజు పలక. పలకకు ఇటు మచ్చలవి, అటు నున్నవి.

ఏడీ గారి భార్య రాష్ట్రానికి రెండో కొసన, నీటిమట్టాలు కొలిచే కార్యాలయంలో అధికారిణి. సర్వీసులో ఆవిడ ఆయనకంటే ఒక మెట్టు పైన. సంసారంలో ఎవరు ఏ మెట్టో తేలాలంటే ముందు ఇద్దరూ ఒక ఇంట్లో ఉండాలి. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆ అవకాశం రాలేదు. నెలకోసారి ఇద్దరూ ఒకే రోజు సెలవు పెట్టి, దారి మధ్యలో ఉన్న రైల్వే జంక్షన్‌కి చేరి, వెయిటింగ్ రూములో సాయంత్రం దాకా కాపురం చేసి, ఎవరి రైలు వాళ్లెక్కేవారు. భార్య ఉన్న ఊరికి బదిలీ చేయమని ఆయన పెట్టుకున్న అర్జీ మంత్రిగారి బల్లమీద ఫ్లవర్‌వాజు కింద భద్రంగా ఉంది.

ప్రకటన చేసిన మర్నాడే మంత్రిగారు కేంద్రానికి విచ్చేశారు. తొట్టిలోకి తొంగిచూసి, "ఎప్పటికి పిల్లల్ని పెడతాయి?" అన్నారు.

"కష్టం సార్. రెండు జాతుల మధ్యా పునరుత్పత్తి అవరోధాలున్నాయి" అన్నారు ఏడీ గారు.

"అవరోధాలా? ఎవరు పెట్టారు? గత ప్రభుత్వమా?"

"ప్రకృతి సార్."

మంత్రిగారు పీఏ వైపు తిరిగారు. "ఎవరయ్యా ఈ ప్రకృతి? ఏ డిపార్టుమెంటు?"

"కనుక్కుంటాను సార్" అని పీఏ రాసుకున్నాడు.

ఏడీ గారు సర్దిచెప్పబోయారు. "అది కాదు సార్. ఇవి పెరిగేది నదిలో, గుడ్లు పెట్టేది నడిసముద్రంలో. మచ్చలవి వెళ్లే చోటు వేరు, నున్నవి వెళ్లే చోటు వేరు. బయల్దేరే కాలాలూ వేరే. దారితప్పి ఎదురుపడ్డా ఒకదాని వాసన ఇంకోదానికి పట్టదు. అన్నీ కుదిరి పిల్ల పుట్టినా బతికి బట్టకట్టడం కష్టం. ఈ తొట్టిలో ఉంచితే అసలు ఈడుకే రావు."

"ఇన్ని అడ్డంకులు పెట్టి ఆవిడ జీతం తీసుకుంటోందా?"

"ఆవిడకు జీతం లేదు సార్."

"గౌరవ హోదా అన్నమాట. అలాంటివాళ్లతోనే ప్రమాదం" అని మంత్రిగారు తలపంకించారు.

పీఏ ఆయన చెవిలో ఏదో చెప్పాడు. మంత్రిగారి మొహం వెన్నలా కరిగింది. "మీ ఫైలు నా దగ్గరే ఉందటగా. దిగులుపడకండి. మలుగులు కలిసిన రోజే మిమ్మల్నీ మీ ఆవిణ్ణీ కలిపేస్తాను. ఇది నా మాట."

ఆ సాయంత్రం ఫోన్లో ఏడీ గారు సంగతంతా భార్యకు చెప్పారు.

"అయితే మన కాపురం చేపల చేతిలో పెట్టొచ్చారు" అంది ఆవిడ.

"వాటికి చేతులుండవు."

"మీకున్నాయా? అక్కడే కాదని ఒక్క మాట అనలేకపోయారు. ఇంతకీ వాటికి అడ్డమేమిటట?"

"చోటు కుదరదు, కాలం కుదరదు, లోపలి రసాయనాలు కుదరవు."

ఆవిడ కాసేపు లెక్క చూసుకుంది. "మనకి మొదటి రెండేగా. నయమే."

ఈలోగా ప్రభుత్వం ప్రకృతి మీద చర్య మొదలుపెట్టింది. అవరోధాలు ఎవరి అనుమతితో పెట్టారో తెలపమని మెమో తయారైంది. చిరునామా దొరకలేదు గనక దాన్ని తొట్టి గోడకు అంటించారు. గడువు దాటినా సంజాయిషీ రాలేదు. నేరం ఒప్పుకున్నట్టేనని తేల్చి ఆవిణ్ణి సస్పెండు చేశారు. 'ప్రకృతిపై వేటు' అని పత్రికలు మొదటి పేజీలో వేశాయి.

దాంతో సిసలు పక్షానికి ఒళ్లు మండింది. "ప్రకృతి మా ప్రాంతపు ఆడపడుచు. అడవులన్నీ మావైపే ఉన్నాయి. మాతో మాట్లాడకుండా ఎలా తీసేస్తారు?" అని వాళ్ల నాయకుడు సభ నుంచి లేచి వెళ్లిపోయాడు. రాజీ చర్చలు జరిగాయి. చివరికి సస్పెన్షన్‌ను బదిలీగా మార్చారు. ఎక్కడికన్నది రాయలేదు.

అడక్కుండానే ప్రకృతికి బదిలీ దొరికిందని తెలిసి ఏడీ గారు ఆ రాత్రి భోజనం చెయ్యలేదు.

అవరోధాల తొలగింపు మహోత్సవం ఘనంగా జరిగింది. షెడ్డు ముందు వేదిక, వేదిక మీద ఇరుపక్షాల నాయకులు, పట్టని కుర్చీల్లో ఒకరికొకరు పట్టని మనుషులు. అసలువారు ఎడమ కొసన, సిసలువారు కుడి కొసన కూర్చున్నారు. మధ్య కుర్చీల్లో పూలదండలు పెట్టారు. మంత్రిగారు రిబ్బను కత్తిరించగానే ఇద్దరు పనివాళ్లు గాజు పలకను పైకి లాగేశారు. బ్యాండు మోగింది.

మచ్చల మలుగులు ఎడమ మూలనున్న గొట్టంలో దూరాయి. నున్నవి కుడి మూలనున్న పెంకుల కింద దూరాయి. తొట్టి నడుమ నీళ్లు మాత్రం మిగిలాయి.

"చూశారా, ఎంత మర్యాద" అన్నారు మంత్రిగారు మైకులో. "ఒకరి గౌరవానికి ఒకరు భంగం కలగకుండా కలిసి ఉండటమంటే ఇదీ."

ఒక విలేకరి లేచాడు. "వీటిలో ఆడవెన్ని, మగవెన్ని?"

మైకు ఏడీ గారికి ఇచ్చారు. ఆయనకు అబద్ధమాడే వ్యవధి దొరకలేదు. "అన్నీ మగవే. మలుగులు ఇరుకులో గుంపుగా పెరిగితే దాదాపు అన్నీ మగవే అవుతాయి."

మంత్రిగారు వేదికను ఒకసారి ఈ చివర నుంచి ఆ చివరదాకా చూసుకున్నారు. "అదొక లోపం కాదు" అన్నారు.

జనం వెళ్లిపోయాక పీఏ ఒక కాగితం తెచ్చాడు. "కలిసినట్టు సర్టిఫికెట్ రాసివ్వండి. సాయంత్రానికి పేపర్లకి పోవాలి."

"కలవలేదుగా."

"మీ బదిలీ ఆర్డరు కూడా టైపవుతోంది ఏడీ గారూ. దేని వెనకాల ఏది వెళ్లాలో మీరే చూసుకోండి."

ఏడీ గారు పక్కకెళ్లి భార్యకు ఫోన్ చేశారు. తప్పుడు కాగితం మీద సంతకం చెయ్యలేనని, చెయ్యకపోతే జన్మంతా జంక్షనేనని వాపోయారు.

"ఇందాక రెండూ ఒకే తొట్టిలో ఉన్నాయా లేదా?" అంది ఆవిడ.

"ఉన్నాయి."

"మనిద్దరం జంక్షన్‌లో చేసేదాన్ని ఏమంటాం?"

"కలవడమంటాం."

"పిల్లలు పుట్టారా?"

ఏడీ గారు ఫోన్ పెట్టేసి వచ్చి, 'మచ్చల మలుగులు, నున్న మలుగులు నేటి ఉదయం ఒకే తొట్టిలో కలిసినట్టు ధ్రువీకరించడమైనది' అని రాసి సంతకం చేశారు. అక్షరం అబద్ధం లేదు. పీఏ రెండుసార్లు చదివి, "మీకు రాజకీయాల్లో భవిష్యత్తుంది" అన్నాడు.

ఆ వారమే పెద్ద వాన కురిసింది. పలక లాగినప్పుడు తొట్టి అడుగున నీళ్లు పోయే కన్నానికున్న జాలీ ఊడిన సంగతి ఎవరూ చూసుకోలేదు. మచ్చల మలుగులన్నీ ఆ కన్నంలోంచి కాలవలో పడి సముద్రం దారి పట్టాయి. నున్నవాటికి ఇంకా కాలం రాలేదు. పెంకుల కిందే ఉన్నాయి. మంత్రిగారు కంగారు పడలేదు. వెళ్లినవి ఏర్పాట్లు చూసే ముందస్తు బృందమని ప్రకటన ఇచ్చారు.

మాట తప్పే మనిషి కాదు. ఆర్డరు వచ్చింది. ఏడీ గారు చేతులు తుడుచుకుని మరీ కవరు చించారు. 'మలుగుల పరిశోధన కేంద్రమును, నీటిమట్టముల కార్యాలయమును ప్రజాప్రయోజనం దృష్ట్యా తక్షణమే కలపడమైనది. సిబ్బంది ఎక్కడివారక్కడే పనిచేయుదురు.'

చదవడం పూర్తయ్యేసరికి ఫోన్ మోగింది.

"అందిందా?" అంది భార్య.

"అందింది."

"నాకు రెండందాయి. ఇకమీదట మీ సెలవులు నేనే మంజూరు చెయ్యాలట."

ఏడీ గారి ప్రాణం లేచొచ్చింది. "అదీ ఒకందుకు మంచిదే. శుక్రవారానికి పెట్టిన అర్జీ నీ దగ్గరికే వచ్చుంటుంది, చూశావా? జంక్షన్‌కి."

"చూశాను. కుదరదని రాశాను."

"అదేమిటి?"

"కలిసిన ఆఫీసులో ఇద్దరు అధికారులూ ఒకేరోజు సెలవులో ఉండకూడదండీ. రూలు. శుక్రవారం నా సెలవు పై నుంచి ముందే మంజూరైపోయింది."

"నువ్వు సెలవులో ఉంటే నీ చార్జి నాకేగా వచ్చేది. నా సెలవు నేనే మంజూరు చేసుకుంటాను."

"చేసుకోండి. మీరు సంతకం పెట్టిన మరుక్షణం ఆఫీసులో ఎవరూ లేరని నా సెలవు రద్దవుతుంది."

అటువైపు ఆవిడ కాగితాలు సర్దుకుంటున్న చప్పుడు వినిపించింది.

"పోనీ, ఈసారి మీరు వెళ్లి రండి" అంది ఆవిడ. "వచ్చే నెల నేను వెళ్తాను."