కొత్త కందకం మంజూరైంది!

చదివి అర్థం చేసుకునే అధికారికన్నా ఏమీ అర్థం కాని కంప్యూటర్ వెయ్యి రెట్లు నయం! నవ్వకండి, రుజువు చేస్తాను.

మా దగ్గర ఒక ఆఫీసులో అర్జీలకు జవాబులిచ్చే కొత్త ప్రోగ్రాం పెట్టారు. ఒక పాత అర్జీ, దాని పాత జవాబు, ఒక కొత్త అర్జీ ఇస్తే చాలు, కొత్త జవాబు అదే పుట్టిస్తుంది. అక్షరాల వరసలు పక్కపక్కన పెట్టి, తేడా ఉన్న చోట మార్చుకుంటుంది. అంతే!

"మరి అర్థం?" అన్నాను ఆపరేటర్ సతీష్‌తో.

"అర్థంతోని దానికేం పనన్నా? అక్షరం కలిసిందా లేదా, గంతే!"

ఎంత హాయి! అర్థమే చూడనిది కులం చూస్తుందా? లంచం చూస్తుందా? భోజనానికి పోయి సాయంత్రం దాకా మాయమవుతుందా? పైగా మా అర్జీలన్నీ గేటు ముందు కూర్చునే ఒకే రాతగాడు ఒకే మూసలో పోసేవి. కష్టం పేరొక్కటే మారుస్తాడు. మిషనుకు ఇక పండగే!

తల్లాడ రైతు చెంచురామయ్య అప్పట్లో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే రాయించాడు: "మా చేలో ట్రాన్స్‌ఫార్మర్ వల్ల సాగు ఆగింది." జవాబు: "మీ చేలో కొత్త ట్రాన్స్‌ఫార్మర్ మంజూరైంది."

చర్ల అడవిలో పోడు చేసుకునే గంగక్క మొన్న రాయించింది: "మా చేలో కందకం వల్ల సాగు ఆగింది." పోడు ఆపడానికి ఫారెస్టువాళ్లు తవ్వించిన కందకం అది.

మిషను టక్కున చెప్పింది: "మీ చేలో కొత్త కందకం మంజూరైంది."

వారం తిరక్కుండా పొక్లెయిన్ వచ్చి తవ్విపోయింది! చెంచురామయ్య ట్రాన్స్‌ఫార్మర్ నేటికీ రాలేదు.

"మిగిలిన సగం చేను గూడ పాయె! ఏందన్నా నీ కంప్యూటరు?" గంగక్క నన్ను కడిగేసింది.

"దాని తిక్క తెలిసింది గదక్కా. ఈసారి నే చెప్పినట్టు రాయించు" అన్నాను.

రాయించింది: "మా చేలో పట్టా వల్ల సాగు ఆగింది."

వచ్చేసింది! "మీ చేలో కొత్త పట్టా మంజూరైంది." ముద్రతో సహా!

ఇద్దరం కాగితం పట్టుకుని అధికారి ముందు నిలబడ్డాం. ఆయన కళ్లజోడు పెట్టుకుని మొదటి నుంచి చివరి దాకా చదివాడు. మా జిల్లాలో ఇంత శ్రద్ధ నేనెన్నడూ చూడలేదు!

"మిషను రాసింది గదమ్మా, దానికేం అర్థమైతది? ఇది చెల్లదు."

"కందకం కాయితం గూడ గదే రాసె గద సారూ! గదెట్ల చెల్లింది?"

సారు పాత ఫైళ్లు తిరగేశాడు. పాపం, చూసి చెప్పడానికి పాత జవాబు లేదాయె! గంగక్క ఆయన టేబుల్ ముందే బైఠాయించింది. కొత్తది చెప్పేదాకా లేవదట.