కమిషనర్ గారి డెబ్భై నాలుగు ప్రయాణాలు

మా రాష్ట్రంలో ఇకమీదట ప్రతి పౌరుడూ ఒక ట్రాఫిక్ పోలీసుని జేబులో పెట్టుకు తిరుగుతాడనీ, అందుకు ప్రతిఫలంగా కారు ఇన్సూరెన్సు తగ్గుతుందనీ ఇన్సూరెన్స్ కమిషనర్ హార్లన్ బ్రెక్కే గారు శాసనసభ మెట్ల మీద నిలబడి ప్రకటించారు. ఆ పోలీసు పేరు గోల్డెన్ వీల్. ఫోన్లో ఉండే యాప్. ఎంత వేగంగా వెళ్ళారు, ఎంత గట్టిగా బ్రేకు తొక్కారు, నడుపుతూ ఫోన్ ఎన్నిసార్లు ముట్టుకున్నారు, అన్నీ చూసి, ప్రతి వారం నూరుతో మొదలెట్టి తప్పుకిన్ని మార్కులు కోస్తుంది.

"క్లాసుల్లో కూర్చుని కునుకు తీసే రోజులు పోయాయి. నెల రోజులు నేనే ఈ యాప్‌తో తిరుగుతాను. నా మార్కులే సభాసంఘం ముందు పెడతాను," అన్నారు కమిషనర్ గారు.

నాయకుడంటే అలా ఉండాలి. చలికి చెవులు ఎర్రబడుతున్నా ఆయన టోపీ పెట్టుకోలేదు. ఫోటోలో జుట్టు పడాలి కదా.

కునుకు తీసే క్లాసంటే మా పక్కింటి ఆర్డిస్ లండీన్ గారి క్లాసు. ఆవిడ ముప్పై ఒక్క ఏళ్ళు స్కూలు బస్సు నడిపారు. రిటైరయ్యాక శనివారం శనివారం లూథరన్ చర్చి కింది హాల్లో డిఫెన్సివ్ డ్రైవింగ్ నేర్పుతున్నారు. ఎదుటివాడు తప్పు చేస్తాడని ముందే నమ్మి బండి నడపడం ఆ విద్య సారాంశం. "ఫోన్లు ఆపెయ్యండి" అనేది మొదటి పాఠం. ఎనిమిది గంటలు కూర్చుంటే సర్టిఫికెట్టు, అది చూపిస్తే ఇన్సూరెన్సులో తగ్గింపు. యాప్ ఉంటేనే తగ్గింపనే కొత్త చట్టం వస్తే ఆ సర్టిఫికెట్టు చెల్లదు. యాప్‌లు పట్టని పాత మడత ఫోన్లు వాడే మా ఊరి పెద్దవాళ్ళకి తగ్గింపు పోతుంది, ఆర్డిస్ గారికి శనివారాలు పోతాయి.

"సభాసంఘం దగ్గరికి నేనే వెళ్ళి మాట్లాడతాను. నా స్టూడెంట్లూ వస్తారు," అన్నారావిడ.

పదో రోజున ట్రెంట్ మా వంటింట్లోకి వచ్చి కూర్చున్నాడు. మా అక్క కొడుకు, కమిషనర్ గారికి సహాయకుడు.

"పిన్నీ, సార్‌కి ముప్పై ఒకటొచ్చింది."

"అంత స్పీడా?"

"స్పీడు కాదు. మార్కు తగ్గినప్పుడల్లా ఫోన్ టింగుమంటుంది. ఎంత తగ్గిందో చూద్దామని సార్ నడుపుతూనే ఫోన్ తీస్తారు. తీసినందుకు ఇంకో రెండు పోతాయి. మళ్ళీ టింగుమంటుంది."

"చూడొద్దని చెప్పొచ్చుగా."

"చెప్పాను. ప్రజల సొమ్ముతో వచ్చిన టింగుని నిర్లక్ష్యం చెయ్యనన్నారు."

ట్రెంట్ జేబులోంచి సార్ ఫోన్ తీసి బల్ల మీద పెట్టాడు. "నువ్వు ఆర్డిస్ గారితో రోజూ పెద్దవాళ్ళకి భోజనాలు పంచడానికి వెళ్తావుగా. దీన్నీ కాస్త తిప్పుకురా."

"ఆవిడ క్లాసు ఎత్తెయ్యడానికి ఆవిడ కారేనా?"

"రాష్ట్రంలో అంత జాగ్రత్తగా నడిపేవాళ్ళు ఇంకెవరున్నారు చెప్పు."

కాదనలేకపోయాను. వేడి భోజనం చల్లారకుండా పెట్టే గుడ్డ సంచీలో ఫోన్ పెట్టాను.

మా వైపు నాలుగు దిక్కులా స్టాప్ బోర్డులుండే కూడళ్ళు ఎక్కువ. ముందొచ్చినవాడు ముందు వెళ్ళాలని రూలు. అయితే ముందు వెళ్ళడం మా దగ్గర మర్యాద కాదు. మీరు కానివ్వండని చెయ్యి ఊపుతాం. అవతలివాళ్ళూ ఊపుతారు. ఆర్డిస్ గారు మళ్ళీ ఊపుతారు. అంతసేపు కదలని కారుని చూసి ప్రయాణం ముగిసిందనుకుంటుంది యాప్. కదిలితే కొత్త ప్రయాణం. ఒక్క మంగళవారం నాడే కమిషనర్ గారు డెబ్భై నాలుగు ప్రయాణాలు చేశారు. అన్నిటికీ నూటికి నూరు.

పేపర్లో మొదటి పేజీలో వేశారు. ఒక్క రోజులో డెబ్భై నాలుగు చోట్లకి ఎందుకు వెళ్ళారని విలేఖరి అడిగితే, "ప్రజలు ఒకేచోట ఉండరుగా," అన్నారు కమిషనర్ గారు. ఎక్కువసార్లు వృద్ధాశ్రమానికే వెళ్ళినట్టు మ్యాపులో తేలింది. ఆయన కళ్ళు తుడుచుకున్నారు.

నెల రోజులూ పూర్తయ్యాయి. సభాసంఘం పది గంటలకి. ఆర్డిస్ గారు ఏడింటికే బయల్దేరారు. పక్కన నేను, నా ఒళ్ళో సంచీ. మూడు కార్లలో స్టూడెంట్లు మమ్మల్ని కౌంటీ రోడ్డు కూడలిలో కలవాలి. కలిశారు. నాలుగు దిక్కుల నుంచి నాలుగు కార్లూ ఒకేసారి వచ్చి ఆగాయి.

"ఎదురు కార్లో వెర్లిన్ కదలడేమిటి?" అన్నారు ఆర్డిస్ గారు.

"మిమ్మల్ని వెళ్ళమని చెయ్యి ఊపుతున్నాడు."

"నేను ముందు ఊపాను. వాడికి క్లాసులో మొదటి మార్కు ఇచ్చింది నేనే."

కాసేపయ్యాక అన్నాను, "పోనీ మనమే వెళ్ళిపోదామా, తొమ్మిదిన్నరైంది."

"వెళ్ళొచ్చు. సరిగ్గా అప్పుడే ఆ ముగ్గురిలో ఒకరు కూడా అలాగే అనుకుంటే?"

సీటు బెల్టు ఇంకాస్త బిగించుకున్నాను. నాకూ ఆవిడిచ్చిన సర్టిఫికెట్టుంది. వెనక బీట్‌రూట్ లారీ ఒకటి వచ్చి హారన్ కొట్టింది. ఎవరి కోసం కొట్టాడో తెలియక నలుగురూ క్షమించమన్నట్టు చెయ్యి ఊపారు.

మేం చేరేసరికి మధ్యాహ్నమైంది. ట్రెంట్ వరండాలో ఎదురొచ్చాడు. క్లాసు తరఫున మాట్లాడేవాళ్ళెవరని మూడుసార్లు పిలిచారట, ఎవరూ లేరు. తర్వాత తెర మీద కమిషనర్ గారి ఆ వారం మార్కులు వేశారు. నూరు.

"మీరిక్కడే ఉన్నారు, మీ ప్రయాణమేమో కౌంటీ రోడ్డు కూడలిలో ఆగి ఉంది, ఎలా?" అని అధ్యక్షుడు అడిగాడట.

"ఇంతకంటే సురక్షితమైన డ్రైవింగ్ ఎవరైనా చూపించండి," అన్నారట కమిషనర్ గారు.

సభ్యులు పదకొండు మందీ చట్టానికి సరేనని చేతులెత్తారు.

మరుసటి వారం ఆర్డిస్ గారికి ఉత్తరం వచ్చింది. యాప్ లేనందున తగ్గింపు రద్దు. శుక్రవారం ట్రెంట్ బిస్కట్ల డబ్బా పట్టుకుని ఆవిడ గుమ్మంలో నిలబడ్డాడు. అందులో సభాసంఘం వాళ్ళ పదకొండు ఫోన్లు.

"కాస్త వీటినీ తిప్పుకొస్తారా, ఆర్డిస్ గారూ."

ఆవిడ లోపల కూర్చున్న నా వైపు చూశారు, తర్వాత నా సంచీ వైపు. "ఒకటి ఇదివరకే తిరిగినట్టుంది," అన్నారు. నేను కిటికీలోంచి మంచు చూశాను.

శనివారం పొద్దున్నే ఆవిడ ఆ డబ్బాని చర్చి కింది హాల్లోకి తీసుకెళ్ళారు. పదకొండు కుర్చీల మీద పదకొండు ఫోన్లు వరసగా పెట్టారు. బోర్డు ముందు నిలబడి గొంతు సవరించుకున్నారు.

"ఫోన్లు ఆపెయ్యండి," అన్నారు. ఎవరూ కదలకపోయేసరికి తనే ఒక్కొక్కటీ ఆపారు. ఎనిమిది గంటలూ పాఠం చెప్పారు, మధ్యలో కాఫీకి పావుగంట వదిలారు.

సభాసంఘం సభ్యులందరికీ ఆ వారం నూటికి నూరు వచ్చిందని సోమవారం పేపర్లో చదివాను.